శాఖాప్రచురణములలో రూపైక్యము: గద్య, మకుటము, ముద్ర

విశ్వవిద్యాలయములలోని తెలుగుశాఖలు ప్రతిసంవత్సరమును పెక్కు ప్రచురణములను వెలువరించుచున్నవి. పరిశోధనపత్రికలు, సదస్సుల వ్యాససంకలనములు, పాఠ్యగ్రంథములు, సిద్ధాంతవ్యాసములు, ఆహ్వానపత్రములు, ప్రకటనలు మొదలగునవన్నియు శాఖ పేరనే లోకమునకు అందుచున్నవి. వీనియందలి విషయమును గూర్చి సమీక్షలు గలవు, చర్చలు గలవు. కాని చూచినంతనే ఇవి ఒకే శాఖకు చెందినవని తెలియుచున్నదా, తెలియకున్నచో కలుగు నష్టమెట్టిది అను ప్రశ్నను మనవారు అంతగా విచారింపలేదు. ఆ విచారమే ఈ వ్యాసమునకు విషయము.

ఒక సంస్థ వెలువరించు సమస్తమునందును పేరు, ముద్ర, అక్షరరూపము, వర్ణము, పుటవిన్యాసము అనునవి ఒక్క నియమమునకు లోబడి యుండుటను మేము రూపైక్యమని వ్యవహరింతుము. ఆధునికవాణిజ్యమున దీనికి గొప్ప ప్రాముఖ్యము గలదు. 1907 మొదలు జర్మనీలోని ఏ.ఇ.జి. విద్యుత్సంస్థకు పీటర్ బెహ్రెన్స్ అను కళాకారుడు కర్మాగారములను, ఉపకరణములను, ప్రకటనలను, వ్యాపారచిహ్నమును ఒక్క దృష్టితో తీర్చిదిద్దుటను దీనికి తొలి యుదాహరణములలో నొకటిగా పేర్కొందురు. ఈ పుట్టుకను బట్టి యిది వర్తకుల విద్యయనియు, విద్యాలయములకు దీనితో పనిలేదనియు కొందఱు తలంతురు. ఆ తలంపు చారిత్రకముగా నిలువదు. మన కావ్యములు, శతకములు, తామ్రశాసనములు ఈ నియమమును శతాబ్దులకు పూర్వమే ఎఱిగియున్నవి.

మా సిద్ధాంతమును ముందుగానే చెప్పుదుము. శాఖకు రూపైక్యము కావలెను. అది శతకమునకు మకుటమువలె ఉండవలెను. మకుటము చిన్నది, స్థిరమైనది, ఎల్లరకు తెలిసినది. తక్కినదంతయు కవికి స్వేచ్ఛ. నేడు శాఖలలో సామాన్యముగా జరుగుచున్నది దీనికి విపర్యయము. మాఱినను దోషములేని అట్టబొమ్మను గూర్చి దీర్ఘముగా చర్చింతురు. మాఱరాని శాఖానామము, లిపి, సంపుటసంఖ్య ప్రతివారి చేతిలోను మాఱుచుండును. ఇది యే యొక్క శాఖను ఉద్దేశించి చెప్పుమాట కాదు. పలుచోట్ల కనబడు సామాన్యలక్షణము.

గద్య చేసిన పని

తెలుగుకావ్యమున కథ ఎన్ని మలుపులు తిరిగినను ఆశ్వాసాంతమున కవి యొక్కచోట నిలుచును. తన బిరుదములను, తండ్రిపేరును, తనపేరును, గ్రంథనామమును, ఆశ్వాససంఖ్యను గద్యలో చెప్పును. తిక్కనసోమయాజి విరాటపర్వము మొదలు స్వర్గారోహణపర్వము వఱకు గల 15 పర్వములందును ఈ గద్యను ఒక్క అచ్చున నడపెను. మాఱునవి పర్వనామమును ఆశ్వాససంఖ్యయు మాత్రమే. యుద్ధపర్వములందలి ఉద్ధతి యేమి, శాంతిపర్వమందలి శాంతి యేమి, దేనికిని గద్య మాఱలేదు.

దీనిని సంప్రదాయముగా మాత్రమే భావించి మనము దాటిపోవుచున్నాము. దీని ప్రయోజనము కర్తృత్వచర్చలలో తేటపడును. ఆంధ్రభాగవతమున పంచమస్కంధము గంగనదనియు, షష్ఠము ఏర్చూరి సింగనదనియు, ఏకాదశద్వాదశములు వెలిగందల నారయవనియు చెప్పుటకు ఆయా స్కంధముల గద్యలే ముఖ్యాధారములు. గద్యలే లేకున్నచో శైలిని పట్టుకొని తరతరములు వాదులాడవలసి వచ్చియుండెడిది. తాళపత్రప్రతులతో పరిచయమున్న వారెల్లరు ఎఱిగిన విషయ మొకటి కలదు. తుదియాకు జాఱిపోయిన ప్రతికి సూచికలో 'కర్త తెలియదు' అను మాట ప్రాప్తించును. గ్రంథము మిగులును, కర్త మిగులడు. నేటి శాఖాప్రచురణమునకు ముఖపత్రమును, దాని వెనుకటి పుటయు గద్యస్థానీయములు. అచ్చట శాఖ పేరు, విశ్వవిద్యాలయము పేరు, సంపుటము, సంచిక, సంవత్సరము ఒక్క క్రమమున లేకున్నచో ఆ ప్రచురణము తుదియాకు పోయిన ప్రతియే యగును.

ఈ సందర్భమున ఎఱ్ఱన ప్రవర్తనము మనకు పాఠమువంటిది. ఆయన అరణ్యపర్వశేషమును చేపట్టునప్పటికి నన్నయ గతించి దాదాపు 300 సంవత్సరములు. కృతిపతియైన రాజరాజనరేంద్రుడు లేడు. ఆ రాజ్యమును లేదు. ఎఱ్ఱన ప్రోలయవేమారెడ్డి ఆస్థానమున నున్న కవి. అయినను పర్వశేషమును రాజరాజునకే అంకితము చేసి, ఆశ్వాసముల ఆద్యంతములందు ఆయననే సంబోధించెను. తన హరివంశమును మాత్రము వేమారెడ్డికి కృతియిచ్చెను. ఇందలి వివేకము స్పష్టము. ఒకరు మొదలిడిన పనిని కొనసాగించునపుడు ఆ పని రూపమును నిలుపవలెను. స్వకీయమైన పనిలో స్వకీయమైన రూపము నెంచుకొనవచ్చును. శాఖాపత్రిక యే యొక్క సంపాదకుని హరివంశము కాదు. అది అరణ్యపర్వశేషము.

మకుటము నేర్పు నీతి

గద్య స్థిరత్వమును నేర్పగా, మకుటము స్థిరత్వములోని స్వేచ్ఛను నేర్పును. దీనికి మన సీమలోనే పుట్టిన ఉదాహరణము ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరశతకము. అందలి పద్యములు భక్తి, రోత, కోపము, అపహాస్యము, ఆత్మనింద అను పరస్పరవిరుద్ధభావములతో నిండియున్నవి. ఇన్నిటిని ఒక గ్రంథముగా పట్టియుంచునది మకుటము. పాఠకుడు ప్రతిపద్యాంతమునను తెలిసినచోటికి వచ్చి చేరుచున్నాడు. అందుచే కవి యెంత దూరమైనను పోగలుగుచున్నాడు.

ఛందోదృష్టితో చూచినచో ఇంకొక విశేషము గలదు. శతకమున శార్దూలములును మత్తేభములును గలవు. ఈ రెండు వృత్తములు పాదారంభమున భిన్నములు. ఒకటి మగణముతోను వేఱొకటి సగణముతోను మొదలగును. కాని పాదాంతమున చివరి ఏడక్షరముల గురులఘుక్రమము రెండింటను సమానము. శ్రీకాళహస్తీశ్వరా అను ఏడక్షరములు ఆ సమానస్థలమున సరిగా కూర్చుండును. అనగా ఒక్క మకుటము రెండు వృత్తములకు చెల్లుచున్నది. ఉత్పలచంపకములలో అది యిముడదు. ఆ మకుటమును స్వీకరించుటచే కవికి రెండు వృత్తములు లభించినవి, తక్కినవి పోయినవి.

ముద్రను కల్పించువారు ఈ లెక్కను గుర్తింపవలెను. శాఖాచిహ్నము పెద్ద సంపుటము అట్టమీదను ఉండవలెను, చిన్న ఆహ్వానపత్రము మూలను ఉండవలెను, దూరవాణి తెరమీద వ్రేలిగోరంత చోటను ఉండవలెను. ఇన్నిటికి సమానమైన స్థల మేదియో ముందుగా నిర్ణయించి, అందులో నిముడునట్లు చిహ్నమును రచింపవలెను. పెద్దయట్టకు మాత్రమే యోగ్యమైన జటిలచిత్రము తెరమీద మచ్చగా మిగులును. అది ఒకే పద్యమునకు సరిపోవు మకుటమువంటిది.

చంద్రగిరి శాసనముల సాక్ష్యము

స్థిరమైనది ఎంత, మాఱదగినది ఎంత అను ప్రశ్నకు విజయనగరకాలపు తామ్రశాసనములు చక్కని సమాధానము నిచ్చుచున్నవి. రాగిరేకులను ఉంగరముతో గుచ్చి, దానికి వరాహలాంఛనముగల ముద్రను తగిలింతురు, సూర్యచంద్రులును అందుందురు. లోపలి పాఠమునకును నియతమైన క్రమము గలదు: స్తుతి, వంశావళి, దాతృప్రశంస, దానవివరము, ఎల్లలు, శాపవచనములు, తుదకు రాజహస్తముగా దైవనామము. పాఠము చాలవఱకు నందినాగరిలిపిలో నుండగా, తుదియందలి శ్రీ విరూపాక్ష అను హస్తాక్షరము కన్నడలిపిలో నుండును. చదువరాని వానికి సైతము ముద్రయు హస్తాక్షరమును కనబడినంతనే శాసనము ఎవరిదో తెలియును.

ఆరవీటివంశమునకు చెందిన వేంకటపతిరాయల కాలమున, 16వ శతాబ్దాంతమున, రాజధాని పెనుగొండనుండి మన చంద్రగిరికి వచ్చెను. రాజకుటుంబపు భక్తియు వేంకటేశ్వరునియందు నెలకొనెను. ఆ కాలపు శాసనములలో శ్రీ విరూపాక్షకు బదులు శ్రీ వేంకటేశ అను హస్తాక్షరము కనబడును. నాణెములమీదను వేంకటేశ్వరుని నామము వెలసెను. ఇది సామాన్యమైన మార్పు కాదు. అయినను వరాహముద్ర పోలేదు, రేకుల కూర్పు మాఱలేదు, పాఠక్రమము చెదరలేదు. మాఱవలసిన దొక్కటి మాఱినది, తక్కినవి నిలిచినవి. అందుచే ప్రజ దీనిని క్రొత్తరాజ్యమని భ్రమింపక పాతరాజ్యపు క్రొత్తదశగా గ్రహింపగలిగినది. మార్పులేని రూపైక్యము అసాధ్యము; మార్పు ఒక్కొక్క అంగమున జరిగినచో పరంపర తెగదు. సమస్తము నొక్కసారి మార్చుట తన వంశావళిని తానే కొట్టివేసికొనుటవంటిది.

తిరుపతిలో ముద్రణయుగము

తిరుపతిలో గ్రంథప్రకటనమునకు ఆధునికకాలమున పునాదివేసినది శాసనపరిశోధనము. 1930 దశకమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ప్రభృతుల కృషివలన దేవస్థానశాసనములు సంపుటములుగా వెలువడినవి. సాళువ నరసింహుని కాలము, కృష్ణరాయల కాలము, అచ్యుతరాయల కాలము, సదాశివరాయల కాలము అను విభజనము ఈ సంపుటములను ఒక్క సూత్రమున కూర్చినది. నేటికిని పరిశోధకుడు సంపుటసంఖ్య, శాసనసంఖ్య అను రెండంకెలతో కావలసిన శాసనమును నిర్దేశింపగలుగుచున్నాడు. ఈ రెండంకెలే ఆ గ్రంథమాలకు నిజమైన ముద్ర. అట్ట చినిగినను అది పోదు.

తాళ్లపాకవారి రాగిరేకులు మఱియొక విషయమును బోధించుచున్నవి. రెండువేలకు పైబడిన ఆ రేకులలో ప్రతికీర్తనకును రాగనామము చెక్కబడియున్నది. కీర్తనాంతమున వేంకటేశ్వరుని ముద్ర యుండును. అన్నమాచార్యుడు, పెదతిరుమలాచార్యుడు, చినతిరుమలాచార్యుడు అను మూడుతరములవారును ఆ ముద్రనే వాడిరి. రూపైక్యమునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము దుర్లభము. అయితే దీనినుండియే ఒక చిక్కు పుట్టినది. ఒక కీర్తన రేకులనుండి విడివడి గాయకుల నోట ప్రచారమునకు వచ్చినచో, ముద్రనుబట్టి అది తాళ్లపాకవారిదని చెప్పగలము గాని మువ్వురిలో ఎవరిదో చెప్పజాలము. దానికి రేకులే శరణ్యము. ముద్ర కుటుంబమును చెప్పును, వ్యక్తిని చెప్పదు. కావున శాఖాముద్ర యెంత ప్రసిద్ధమైనను, రచయిత పేరును సంపాదకుని పేరును మఱుగుపఱచునంత పెద్దదిగా ఉండరాదు. శాఖ పేరు పెద్దయక్షరములలోను పరిశోధకుని పేరు కనబడీకనబడని యక్షరములలోను వేయు పద్ధతి న్యాయము కాదు.

1939లో దేవస్థానమువారు స్థాపించిన ప్రాచ్యపరిశోధనసంస్థ 1956లో శ్రీవేంకటేశ్వరవిశ్వవిద్యాలయమున చేరెను. ఆ విశ్వవిద్యాలయము 1954లో ఏర్పడినది. సంస్థ చేతులు మాఱగా పత్రిక పేరును మాఱినది. విశ్వవిద్యాలయపక్షమున వెలువడిన ప్రాచ్యపత్రిక 1958లో మరల ప్రథమసంపుటముతో ఆరంభమయ్యెను. యాజమాన్యము మాఱినపుడు ఇట్టి మార్పు సహజమే. కాని గ్రంథాలయసూచికలలో ఇవి రెండు పత్రికలు. విద్యాచరిత్రలో ఇది ఒక్క ప్రవాహము. ఈ రెండింటికి నడుమ వంతెనగా నుండవలసినది ముఖపత్రముమీది ఒక్క వాక్యము: ఈ పత్రిక దేనికి అనంతరరూపమో తెలుపు వాక్యము. పేరు మార్చుకొను పత్రికలన్నియు ఆ వాక్యమును ప్రతిసంపుటమునను ముద్రింపవలెనని మా అభిప్రాయము.

కట్టమంచివారి దృష్టి

విద్యాసంస్థాచిహ్నమును సాహిత్యవిమర్శకుని కన్నుతో చూచినవాడు మన చిత్తూరుసీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి. 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమున కళాపూర్ణోదయమును పరామర్శించి, తెలుగువిమర్శకు క్రొత్తత్రోవ చూపినవా డాయన. 1926లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ప్రథమోపాధ్యక్షుడయ్యెను. ఆయన పర్యవేక్షణమున కౌతా రామమోహనశాస్త్రి, కౌతా ఆనందమోహనశాస్త్రి అను చిత్రకారులు పరిషత్తునకు చిహ్నమును రచించిరి. అందు ఉదయించు సూర్యుడు విశ్వవిద్యాలయమునకును, కిరణములు విద్యాశాఖలకును, పద్మము లక్ష్మీసరస్వతులకును, స్వస్తికము మంగళమునకును, సముద్రము జ్ఞానమునకును, రెండు సర్పములు జ్ఞానమును కాచువారికిని కోరువారికిని సంకేతములు.

ఇందు మేము గమనింపగోరునది సంకేతముల బాహుళ్యమును కాదు. ప్రత్యంగమునకు అర్థ మున్నది. ఆ అర్థము లిఖితముగా నున్నది. అందువలన తరువాతివారు దానిని తమ యిష్టమువచ్చినట్లు దిద్దుటకు వెనుదీయుదురు. కిరణములు శాఖలకు సంకేతములని తెలిసినవాడు సూర్యుని విడిచి పద్మమును మాత్రము వేయడు. అర్థము వ్రాసిపెట్టని చిహ్నమునకు ఈ రక్ష లేదు. ఒకరు వలయమును తీసివేయుదురు, ఒకరు రంగు మార్తురు, ఒకరు క్రిందివాక్యమును వదలివేయుదురు. పది సంవత్సరములు గడచునప్పటికి మూలమెట్టిదో చెప్పువారుండరు. పాఠాంతరముల పుట్టుక యిట్టిదే. చిహ్నమునకును పరిష్కృతప్రతి కావలెను. అందలి ప్రత్యంగమునకు వ్యాఖ్యానము కావలెను. ఈ రెంటిని కూర్చుట వ్యాపారపద్ధతిని అనుకరించుట కాదు. మనము ప్రతినిత్యము చేయు గ్రంథపరిష్కరణమే.

నేటి స్థితి

తిరుపతిలో పేరునుగూర్చిన సమస్య తక్కినచోట్లకంటె తీక్ష్ణము. శ్రీవేంకటేశ్వర అను నామము ఇచ్చటి విశ్వవిద్యాలయమునకే కాక, పశువైద్యవిశ్వవిద్యాలయమునకు, వేదవిశ్వవిద్యాలయమునకు, వైద్యవిజ్ఞానసంస్థకు, ఆర్ట్సు కళాశాలకు, సంగీతనృత్యకళాశాలకు గూడ గలదు. నామము యొక్క పూర్వభాగము ఊరి సంస్థల ఉమ్మడిసొత్తు. కావున సంస్థను వేఱుచేసి చూపు భారమంతయు ఉత్తరభాగముమీద పడుచున్నది. ఎస్వీ అను సంక్షేపము ఊరిలో సంభాషణకు చాలును; సూచికలో చాలదు.

దీనికి తోడు వర్ణక్రమభేదములు. వేంకటేశ్వర అనియు వెంకటేశ్వర అనియు, విశ్వవిద్యాలయము అనియు విశ్వవిద్యాలయం అనియు యూనివర్సిటీ అనియు వ్రాయుట గలదు. శాఖను గూర్చి ఆంధ్రశాఖ, తెలుగుశాఖ, తెలుగు అధ్యయనశాఖ అను వ్యవహారములు ఆయా విశ్వవిద్యాలయములలో, ఆయా కాలములలో కానవచ్చును. చిరునామాయు స్థిరము కాదు. 1911 నుండి చిత్తూరుజిల్లాలో నున్న తిరుపతి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతిజిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఈ భేదములలో నొక్కొక్కటి అల్పమే. కాని మూడు నాలుగు భేదములు కలిసినచో పేరు పది పన్నెండు విధములగును. మనుష్యుడు వీనిని ఒక్కటిగా గ్రహించును, యంత్రసూచిక గ్రహింపదు. దానికి అక్షరభేదమే వ్యక్తిభేదము.

సిద్ధాంతవ్యాసములను శోధగంగవంటి జాతీయభాండాగారమున నిక్షేపించుట 2009 నాటి విశ్వవిద్యాలయనిధులసంఘపు నిబంధనలనుండి ఆచారమైనది. శాఖ యొక్క అర్ధశతాబ్దపు కృషిని ఒక్కచోట చూడగోరు విద్యార్థి శాఖ పేరుతోనే వెదకును. పేరు పలువిధములైనచో అతనికి కొంతభాగమే దొరకును. దొరకనిది లేనిదే యగును. ఇట్లు ఒకరు చేసిన విషయమునే మఱియొకరు ఎఱుగక మరల చేపట్టుట, పూర్వపరిశోధకుని ఋణమును చెప్పకపోవుట సంభవించును. రూపైక్యము లోపించుట వలన కలుగు నష్టము కంటికింపుగా లేకపోవుటతో ముగియదు. విద్యాఋణము మఱుగున పడుటవఱకు పోవును.

ఇంతకంటె గాఢమైన సమస్య లిపి. పూర్వపు డి.టి.పి. పద్ధతులలో తెలుగక్షరరూపములను ఇంగ్లీషు అక్షరముల సంకేతస్థానములలో నుంచెడివారు. కాగితముమీద అది తెలుగే. యంత్రములో మాత్రము అర్థములేని ఇంగ్లీషు అక్షరముల వరుస. ఆ యక్షరరూపముల ఫాంటు లేని యంత్రమున పుట మొత్తము చెదరిపోవును. అన్నమాచార్యుడని వెదకినచో ఒక్క పుటయు పలుకదు. యూనికోడ్ సంకేతపద్ధతిలో తెలుగునకు 1991 నుండి 128 స్థానముల ప్రత్యేకఖండము గలదు. శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న మొదలగు కవిరాజనామములతో స్వేచ్ఛగా లభించు యూనికోడ్ ఫాంట్లును గలవు. అట్లుండగా పాతపద్ధతిని విడువకుండుటకు కారణము అలవాటు తప్ప వేఱొకటి మాకు కనబడదు. ధూర్జటి పేరుగల అక్షరము శ్రీకాళహస్తికి కూతవేటు దూరమున నున్న శాఖలకు లభించియుండగా, తెలుగుశాఖ ప్రచురణము తెలుగుగా వెదకబడక పోవుట విచారకరము.

మఱియొక దోషమును గూడ చెప్పవలసియున్నది. లెటర్‌హెడ్లమీదను ప్రకటనలమీదను ఇంగ్లీషుపేరు విస్పష్టముగా నుండి, తెలుగుపేరు పైన అలంకారముగా, పూలతీగవంటి యక్షరములతో నుండుట గలదు. పేరు చదువుటకు ఇంగ్లీషు, చూచుటకు తెలుగు అను విభాగ మిది. ఏ యితర శాఖ యిట్లు చేసినను సహింపవచ్చును, తెలుగుశాఖ చేయరాదు. తెలుగుశాఖ రూపైక్యమునకు ప్రాణము ముద్రలో లేదు, తెలుగక్షరములో నున్నది.

ఆక్షేపములు

దీనికి మూడు ఆక్షేపములు రావచ్చును. మొదటిది: ఐకరూప్యము సృజనను చంపును. దీనికి ధూర్జటియే ప్రత్యుత్తరము. నూఱుపద్యములకు ఒక్క మకుటమున్నను నూఱును ఒక్కటి కాలేదు. ఐక్యము వేఱు, ఐకరూప్యము వేఱు. ప్రతిసంపుటమునకును ఒకే బొమ్మ, ఒకే రంగు, ఒకే తీరు నుండవలెనని మేము కోరుటలేదు.

రెండవది: శాఖాధ్యక్షపదవి కొన్నియేండ్ల కొకరికి వచ్చును, ప్రతివారికి తమ అభిరుచి ప్రకారము చేయు అధికారము గలదు. అధికారము గలదు, నిజమే. ఎఱ్ఱనకును గలదు. తిరుగుచుండు పదవి యగుటచేతనే తిరుగని నియమము అవసరమగుచున్నది.

మూడవది బలమైనది: శాఖకు ధనము లేదు, చిత్రకారుడు లేడు, ముద్రణశాల తన చేతిలో లేదు. ఇది చాలవఱకు యథార్థము. ఉద్యోగములు పూరింపబడక, ఉన్నవారిమీద బోధనభారము పెరిగినచోట అట్ట రంగును గూర్చి మాటలాడుట విలాసముగా తోచును. కాని మేము చెప్పు నియమములలో ఖర్చుతో కూడినది దాదాపుగా లేదు. పేరును ఒక్కవిధముగా వ్రాయుటకు ధనమక్కరలేదు. ధనము లేనిచోటనే నియమము ఎక్కువ పనిచేయును. ఏలన ప్రతిసారియు క్రొత్తగా ఆలోచించు శ్రమ తగ్గును.

చేయవలసినది

1947 మొదలు 1949 వఱకు ఇంగ్లండులోని పెంగ్విన్ ప్రచురణసంస్థలో యాన్ చికోల్డ్ అను ముద్రణకళావేత్త పనిచేసెను. వందలకొలది పుస్తకములు, వేఱువేఱు ముద్రణశాలలు. ఆయన చేసిన ముఖ్యమైన పని అక్షరకూర్పు నియమములను నాలుగుపుటలలో వ్రాసి అందఱకు పంచుట. శాఖకు నాలుగుపుటలును అక్కరలేదు. ఒక్క పుట చాలును. అందు ఈ క్రింది విషయములుండవలెనని మా సూచన.

మొదటిది పేరు. శాఖ పేరు, విశ్వవిద్యాలయము పేరు తెలుగులో ఒక్క వర్ణక్రమమున, ఇంగ్లీషులో ఒక్క వర్ణక్రమమున నిర్ణయించి, పాఠభేదములకు తావులేకుండ వ్రాసిపెట్టవలెను. రచయితలును వ్యాసములకు క్రింద ఆ రూపమునే వాడవలెను.

రెండవది అంకె. సంపుటసంఖ్య, సంచిక, సంవత్సరము ముఖపత్రమునను పుస్తకపు వెన్నునను ఒకే స్థానమున ఉండవలెను. పత్రిక ఒక సంవత్సరము వెలువడకున్నచో ఆ విషయమును తరువాతి సంపుటమున తెలుపవలెను, సంఖ్యను దాటవేయరాదు.

మూడవది అక్షరము. ఒక్క యూనికోడ్ ఫాంటును పాఠమునకును, ఒకదానిని శీర్షికలకును ఎన్నుకొనవలెను. ఎన్నుకొనుటకు ముందు దానిని పరీక్షింపవలెను. అరసున్న, శకటరేఫము, దంత్య చజలు, తెలుగంకెలు, మూడు హల్లుల సంయుక్తములు అందు సరిగా వచ్చుచున్నవా? ప్రాచీనపాఠములను, మాండలికపదములను ముద్రింపవలసిన శాఖకు ఇవి అత్యవసరములు. అందచందముల విచారము పిమ్మటిది. తెలుగున ఒత్తులు క్రిందికి దిగును గాన, ఇంగ్లీషునకు చాలిన పంక్తుల యెడము తెలుగునకు చాలదనియు గుర్తింపవలెను.

నాలుగవది ముద్ర. విశ్వవిద్యాలయచిహ్నమును ఉన్నదున్నట్లు వాడవలెను. శాఖ దానిని దిద్దరాదు. దానిలోపల శాఖ పేరును ఇఱికింపరాదు. వర్తులముద్రలో తెలుగు వ్రాయుట యెంత కష్టమో చూడుడు. శ్రీవేంకటేశ్వరవిశ్వవిద్యాలయము అను పేరున నాలుగు సంయుక్తాక్షరములున్నవి. వలయపు పైభాగమున వానియొత్తులు కేంద్రమువైపునకు దిగి ఒండొంటిని ఒరసికొనును. కావున శాఖ పేరు ముద్రకు ప్రక్కనో క్రిందనో సరళరేఖలో నుండుట మేలు.

ఐదవది భాండాగారము. ముద్ర యొక్క మూలప్రతి, ఎన్నుకొన్న ఫాంట్లు, ముఖపత్రపు మాదిరి, ఈ నియమపుట అనువానిని శాఖాగ్రంథాలయమున సంఖ్యవేసి భద్రపఱుపవలెను. ఇవి ఒకరి సొంతయంత్రములో నున్నంతకాలము శాఖవి కావు. ఆయన పదవీవిరమణముతో అవియు విరమించును.

అట్టచిత్రము, వర్ణము, పుటలోని అలంకారము, శీర్షికలరచన అనువానిని ఈ పుట ముట్టరాదు. అవి సంపాదకుని పద్యములు.

శ్రీవేంకటేశ్వరవిశ్వవిద్యాలయపు ఆదర్శవాక్యము జ్ఞానం సమ్యగవేక్షణమ్ అనునది. చక్కగా చూచుటయే జ్ఞానమని దాని భావము. చక్కగా చూచుటకు చూడబడునది చక్కగా నిలువవలెను. నేటి విద్యార్థి వ్రాసిన పుటను 50 సంవత్సరముల పిదప మఱియొక విద్యార్థి వెదకి, ఇది ఫలానా శాఖది, ఫలానా వ్యక్తిది, ఫలానా సంవత్సరముది అని నిస్సంశయముగా చెప్పగలిగినచో మన గద్య సఫలమైనట్లే. ఒక్క పుట నియమములను వ్రాసి, అనుసరించుటకు రాబోవు సంపుటమును మించిన తరుణము లేదు.